మాట పడిన చోటు

"మాట పడిపోయిందమ్మా" అంది మోరిలి, అతని భార్య.
పడిన మాట ఎక్కడ పడిందో వెతకడమే
మూడేళ్ళుగా నా చదువు.
ప్రొఫెసర్ ఒలాబోడే ఏ మంచం దగ్గర ఆగినా
మొదట అడిగేది "ఎక్కడ?"
ఏమిటి అని కాదు. ఎందుకు అని అసలే కాదు.
పైపొరలోనా, లోతునా, కాండంలోనా, వెన్నులోనా,
వేలితో చూపించు, ఇబీనాబో.
తప్పు చూపిస్తే తిట్టడు.
కళ్ళజోడు తీసి తుడుచుకుంటాడు.
తిట్టినా బాగుండేది.

సికిరు, యాభై ఒకటి, పసుపు డాన్‌ఫో బస్సు కండక్టరు.
లేగోస్ రోడ్ల మీద ఇరవయ్యారేళ్ళు
తలుపు ఊడిన గుమ్మంలో కుడిచేత్తో వేలాడాడు.
ఇప్పుడా చెయ్యి దుప్పటి మీద
ఎవరో మర్చిపోయి దిగిన సామానులా ఉంది.

నాలుగున్నర గంటల్లోపు వస్తే
గడ్డ కరిగించే మందు ఉండేది,
మందు ఉన్న రోజైతే,
కొనే డబ్బు చేతిలో ఉన్న రోజైతే.
వంతెన మీద బళ్ళు కదల్లేదట.
"త్వరగా ఎక్కు, చిల్లర పట్టుకో" అని
జన్మంతా ఊరిని తరిమినవాడు
ఇంకొకడి బస్సులో, సీట్ల మధ్య నేల మీద,
ఆరు గంటలు పడుకుని వచ్చాడు.
స్కాన్ మిషన్ రేపు బాగవుతుందన్నారు.
నిన్న కూడా రేపే అన్నారు.
అంతదాకా నా దగ్గర ఒక రబ్బరు సుత్తి,
ఒక టార్చి, నా రెండు కళ్ళు.

ఇదేమిటి? కలం చూపించాను.
తాళంచెవి పోయిన ఇంటి చుట్టూ తిరిగినట్టు
అతని పెదవులు దాని చుట్టూ తిరిగాయి.
"టో" అన్నాడు.
గడియారం. "టో."
ఈవిడ ఎవరు?
మోరిలిని చూసి, "టో" అని, అది కాదని తెలిసి
ఏడ్చాడు.
తెలిసి ఏడవడం కూడా ఒక గుర్తే. రాసుకున్నాను.
అర్థమయ్యే చోటు బాగుంది; దెబ్బ ఎడమవైపు, ముందుభాగం.
రాసినందుకు సిగ్గేసింది,
చేతిరాత మాత్రం వణకలేదు.

ముప్పైయొకటో గంట. నా డ్యూటీకి, అతని జబ్బుకి కాదు.
వార్డులో కరెంటు పోయింది.
చీకట్లో పద్నాలుగు మంచాల ఊపిరి.
పెరట్లో జనరేటరు దగ్గింది, ఆగింది,
మళ్ళీ దగ్గి అందుకుంది.
కిటికీ అద్దాలు, మంచాల ఇనుము, మందుసీసాలు,
అన్నీ పాత ఇంజను మీద కూర్చున్నట్టు అదిరాయి.
అప్పుడు ఏడో మంచం నుంచి

"మూషిన్! ఓజుఎలెగ్బా! యాబా! యాబా! ఓయింగ్బో!"

ఎడమచెయ్యి మంచం కమ్మీని దబదబా బాదుతోంది.
నిద్రపోతున్న ముసలాయన లేచి చెప్పులు వెతుక్కున్నాడు.
గొంతులో తడబాటు లేదు, ఒక్క అక్షరం అరగలేదు.
అంకెలు, వారాలు, తిట్లు, ప్రార్థనలు,
నోటికి వచ్చినవన్నీ వేరే దారిన నడుస్తాయని
పుస్తకంలో చదివాను.
పుస్తకంలో అంత గట్టిగా అరవరు.

టార్చి వెలుగులో రాశాను: వరసలో ఒక స్టాపు పోయింది,
యాబా ముందు టెజుఓషో.
మోరిలి వంగి చూసి నవ్వింది, రెండ్రోజుల్లో మొదటిసారి.
"అది ఎప్పుడూ మింగేస్తాడు డాక్టరమ్మా.
అక్కడ పోలీసులు చెయ్యి చాపుతారు."
కొట్టేశాను.

తెల్లారి కలం మళ్ళీ చూపించాను. "టో."
ప్రొఫెసర్ వచ్చారు. "ఎక్కడ?"
ఓజుఎలెగ్బా దాటాక, అనబోయి
వేలితో చూపించాను.
కళ్ళజోడు ముక్కు మీదే ఉంది.

ఇంటికి బస్సులో, గుమ్మంలో ఒక కుర్రాడు.
కమ్మీ మీద అతని కుడిచేతి వేళ్ళు ఐదూ లెక్కపెట్టాను,
ఎందుకో రెండుసార్లు.
దిగాలంటే ఇక్కడ ఓ వా అంటే చాలు.
నా భాష కాదు, ఈ ఊరి బస్సులే నేర్పాయి.
నా స్టాపు వచ్చింది. లేచాను. నోరు తెరిచాను.
మాట రాలేదు.
ఒడిలో ఎండుచేపల బుట్ట పెట్టుకున్నావిడ
నన్నొకసారి ఎగాదిగా చూసి
నా బదులు అరిచింది.